ఈజిప్టు గుడిని లోపలి నుంచి బయటికి చూడాలి

ఎడ్ఫు గుడిలో అన్నిటికంటే లోపలి గదిలో ఒక రాతి మందసం ఉంది. ముదురు బూడిద రంగు గట్టి రాయి. ఒకే బండను తొలిచి చేశారు. ఎత్తు సుమారు 4 మీటర్లు. పైకప్పు చిన్న పిరమిడ్‌లా కొసదేలి ఉంటుంది. ముందు వైపు తలుపు ఉండాల్సిన చోట ఇప్పుడు ఖాళీ. ఒకప్పుడు అక్కడ చెక్క తలుపులు, వాటికి గొళ్ళెం, గొళ్ళేనికి తాడు, తాడు మీద మట్టి ముద్ర ఉండేవి. వాటి వెనక హోరస్ దేవుడి విగ్రహం ఉండేది.

మందసం ముందు చెక్కతో చేసిన పడవ నమూనా ఒకటి పెట్టారు. గదిలోకి వచ్చినవాళ్ళలో ఎక్కువమంది ఆ పడవను ఫొటో తీసుకుని వెనక్కి తిరుగుతారు. వెనకున్న రాయి ఎవరి కంటికీ ఆనదు. బయట 36 మీటర్ల ఎత్తున్న జంట బురుజుల ముఖద్వారం చూసి, స్తంభాల మండపాల్లో తలెత్తి తిరిగి వచ్చినవాళ్ళకి ఈ పెట్టె ఏమంత గొప్పగా కనిపిస్తుంది?

నేను చెప్పదలచుకున్నది ఇదీ: ఎడ్ఫులో అసలు గుడి ఆ పెట్టే. ముఖద్వారం, ముంగిలి, మండపాలు, ప్రాకారం, అన్నీ దాని చుట్టూ వేసిన తొడుగులు. ఎడ్ఫు ఒక్కటే కాదు, ఈజిప్టులో ఏ గుడినైనా ఇలాగే లోపలి నుంచి బయటికి చూస్తేనే అర్థమవుతుందని నా నమ్మకం. మనకి చూపించేది మాత్రం బయటి నుంచి లోపలికి, పెద్దదాని నుంచి చిన్నదానికి. అందుకే "అబ్బో, ఎంత పెద్ద రాళ్ళో!" అన్న ఒక్క మాటతో తిరిగొస్తాం.

ఎడ్ఫు విషయంలో ఇది మాటవరసకి అనడం లేదు, తారీఖులే ఆ సంగతి చెబుతున్నాయి. ఇప్పుడు మనం చూసే గుడికి క్రీ.పూ. 237లో మూడో టాలమీ కాలంలో పునాది వేశారు. పూర్తయ్యేసరికి క్రీ.పూ. 57 అయింది, అంటే 180 ఏళ్ళు. మందసం మీద ఉన్న పేరు మాత్రం రెండో నెక్టానెబోది. క్రీ.పూ. 360లో గద్దెనెక్కిన ఆయనే ఈజిప్టు జాతివాళ్ళైన ఫారోల వరసలో చివరివాడు. ఆయన తర్వాత పర్షియన్లు వచ్చారు, అలెగ్జాండర్ వచ్చాడు, గ్రీకు టాలమీలు వచ్చారు. పాత గుడి పోయింది. మందసాన్ని మాత్రం అలాగే ఉంచి, దాని చుట్టూ కొత్త గుడి కట్టారు. కావాలంటే టాలమీలు తమ పేరు చెక్కించుకున్న కొత్త మందసం పెట్టుకోగలిగేవారు, డబ్బుకీ మనుషులకీ కొదవ లేదు. పెట్టుకోలేదు. గుడి అంటే ఏమిటో కట్టించినవాళ్ళకి తెలుసు.

ఇంతకీ ఈ పెట్టె ఆకారం ఎక్కడిది? దీని మూలం ఒక గుడిసె. రాతి యుగపు కొసన, ఫారోలు ఇంకా పుట్టని కాలంలో, నైలు లోయలో దేవుళ్ళకి కట్టిన ఇళ్ళు కర్రలు, రెల్లు, తాటాకులు, చాపలతో కట్టినవి. దక్షిణాన నెఖెన్ అనే ఊళ్ళో, గ్రీకులు హైరాకాన్‌పొలిస్ అన్నది ఇదే, క్రీ.పూ. 3500 ప్రాంతానికి చెందిన ఒక పూజాస్థలం తవ్వకాల్లో బయటపడింది. అక్కడ మిగిలినవి గోడలు కావు, పెద్ద పెద్ద కర్ర స్తంభాలు పాతిన గుంటలు. చుట్టూ బలి ఇచ్చిన జంతువుల ఎముకలు, చేపలవీ మొసళ్ళవీ సహా. ఆ కర్రల మీద ఏముండేదో ఊహించుకోవడానికి మనకి తొలి రాజవంశాల కాలపు ముద్రలు, ఏనుగు దంతపు చీటీల మీది బొమ్మలు సాయపడతాయి.

ఆ బొమ్మల్లో రెండు రకాల ఇళ్ళు మళ్ళీ మళ్ళీ కనిపిస్తాయి. ఒకటి దక్షిణ ఈజిప్టుది, పేరు పెర్-వెర్. కప్పు ముందు భాగం పైకి ఉబ్బి, వెనక్కి వెళ్ళేకొద్దీ వాలిపోతుంది. చూస్తే కూర్చుని ఉన్న జంతువు వీపులా ఉంటుంది. రెండోది ఉత్తరాన డెల్టా ప్రాంతంలోని బూటో ఊరిది, పేరు పెర్-ను. దీనికి కమాను కప్పు, రెండు పక్కలా కప్పుని దాటి పైకి లేచిన నిలువు గుంజలు. రెండూ గాలివాన వస్తే లేచిపోయే కట్టడాలే. కానీ ఈజిప్టువాళ్ళు ఈ రెండు ఆకారాలనీ ఆ తర్వాత మూడు వేల ఏళ్ళు వదల్లేదు. దక్షిణం అంటే ఇది, ఉత్తరం అంటే అది. రెండూ పక్కపక్కన ఉంటే దేశమంతా ఉన్నట్టే.

ఈ గుడిసెలు రాయిగా మారిన చోటు సక్కారా. క్రీ.పూ. 2650 ప్రాంతంలో జోసర్ అనే రాజుకి ఇమ్‌హోటెప్ కట్టిన మెట్ల పిరమిడ్ సంగతి అందరికీ తెలుసు. దాని చుట్టూ ఉన్న ప్రాకారం లోపల ఏముందో మాత్రం చాలామంది సరిగా చూడరు. నేను వెళ్ళినప్పుడు మా గైడ్ కూడా పిరమిడ్ దగ్గరికి తీసుకెళ్ళే తొందరలోనే ఉన్నాడు. నేను ద్వారం దగ్గరే ఆగిపోయాను. ప్రాకారం ఎత్తు పదిన్నర మీటర్లు. దాని మీద పద్నాలుగు తలుపులు మూసి ఉన్నట్టు చెక్కారు, అవన్నీ ఉత్తుత్తివే, నిజంగా లోపలికి వెళ్ళే దారి ఒక్కటే. ఆ ఒక్క దారిలో అడుగుపెడితే పక్క గోడకి ఆనించి తెరిచిపెట్టిన తలుపు రెక్క కనిపిస్తుంది. చెక్క తలుపే అనుకుంటాం. అది సున్నపురాయి. తలుపు తిరిగే ఇరుసుతో సహా రాతిలోనే చెక్కారు. నాలుగున్నర వేల ఏళ్ళుగా అది తెరిచే ఉంది. తలెత్తి చూస్తే పైకప్పులో వరసగా గుండ్రటి దూలాలు, తాటి మొద్దులు పరిచినట్టు. అవీ రాయే. ముందుకి నడిస్తే రెల్లు కట్టలు బిగించి కట్టినట్టున్న స్తంభాలు. వాటిని విడిగా నిలబెట్టే ధైర్యం అప్పటికింకా లేదు కాబోలు, వెనక గోడలకి అతికించే ఉంచారు.

ఇంకా లోపలికి వెళ్తే పండగ ముంగిలి వస్తుంది. రాజు ఏళ్ళ తరబడి పాలించాక తన బలాన్ని మళ్ళీ నిరూపించుకునే సెద్ పండగకి దేశంలోని దేవుళ్ళందరూ వచ్చేవారు, వాళ్ళకి ఆ ముంగిట్లో రెండు వైపులా గుడిసెలు వేసేవారు. సక్కారాలో ఆ గుడిసెలే రాతిలో నిలబడ్డాయి. ముందు వైపు అందంగా చెక్కిన వంపు కప్పు, సన్నటి గుంజలు. వెనక అంతా రాళ్ళూ రద్దూ నింపేసిన ముద్ద. దేవుడికి ఒక చిన్న గూడు తప్ప లోపల గదే లేదు. ఈ ఆవరణని ఒక్కొక్క రాయీ ఏరి మళ్ళీ నిలబెట్టిన ఫ్రెంచ్ వాస్తుశిల్పి జాన్-ఫిలిప్ లోయెర్ 1926లో అక్కడికి వెళ్ళి, 2001లో చనిపోయేదాకా దాదాపు జీవితమంతా ఆ పనికే ఇచ్చాడు. ఇవాళ మనం చూసే గుడిసెల ముఖాలు చాలావరకు ఆయన చలవే.

పిరమిడ్ కింద నేలమాళిగలో ఇంకో వింత ఉంది. అక్కడి కొన్ని గదుల గోడలకి నీలిఆకుపచ్చ రంగు పింగాణీ బిళ్ళలు వేల సంఖ్యలో అతికించారు. ఎందుకంటే దూరం నుంచి చూస్తే గోడకి రెల్లు చాప వేలాడదీసినట్టు ఉండాలి. అరవై మీటర్ల పైచిలుకు ఎత్తున రాతి కొండ లేపిన మనిషి, దాని పొట్టలో చాప అల్లిక కనిపించాలని అంత శ్రమపడ్డాడు.

కొందరు దీన్ని ఊహాశక్తి లేకపోవడం అంటారు. రాయి దొరికింది కదా, రాయికి తగ్గ రూపం కనిపెట్టక పాత గుడిసెల్నే పట్టుకుని వేలాడారు అని. నేను ఒప్పుకోను. రాయికి తగ్గ రూపం వాళ్ళకి రాకపోవడమేంటి, ఆ ముంగిలి పక్కనే పిరమిడ్ ఉంది! రాజు సమాధికి ఏ రూపమైనా ఇవ్వడానికి వెనకాడనివాళ్ళు దేవుడి ఇంటి దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఇంటి రూపం మార్చలేదు. దేవుడు మొదట ఏ ఇంట్లో దిగాడో ఆ ఇంట్లోనే ఉండాలి, ఇల్లు మాత్రం ఇక ఎప్పటికీ కూలకూడదు. రాయి వాడింది అందుకు.

ఈ సంగతి ఒకసారి పట్టుబడితే తర్వాత ఏ ఈజిప్టు గుడికి వెళ్ళినా కళ్ళు వేరేగా చూస్తాయి. ద్వారాల పైన, గోడల అంచున బయటికి వంగిన ఒక చూరు ఉంటుంది, దాని మీద నిలువు గీతలు. అవి చాప గోడ పైన కత్తిరించకుండా వదిలేసిన తాటి మట్టల కొసలు, బరువుకి ముందుకి వంగినవి. ఆ చూరు కింద, గోడ మూలల వెంబడి గుండ్రటి గొట్టంలాంటి అంచు ఉంటుంది, దాని చుట్టూ అడ్డంగా ఏటవాలుగా గీతలు. అది గుడిసె మూలన పెట్టిన రెల్లు కట్ట, ఆ గీతలు దాన్ని చుట్టిన తాడు. సక్కారా తర్వాత రెండు వేల ఆరు వందల ఏళ్ళకి, క్రీ.పూ. 54లో మొదలుపెట్టిన డెండెరా హాథోర్ దేవత గుడిలోనూ ఆ తాడు చుట్లు అలాగే చెక్కారు. చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు జలదరిస్తుంది. అప్పటికి ఆ శిల్పుల్లో రెల్లు గుడి చూసినవాడు ఒక్కడూ ఉండడు.

దేవుడి ఇల్లు ఎంత చిన్నదో తెలియాలంటే టుటాంఖామున్ సమాధిలోని ఒక వస్తువు చూడాలి. 1922 నవంబరులో హోవర్డ్ కార్టర్ ఆ సమాధి కనిపెట్టాడు. అందులో రాజు శవపేటికల చుట్టూ ఒకదానిలో ఒకటిగా అమర్చిన నాలుగు బంగారు రేకు మందసాలు ఉన్నాయి. అన్నిటికంటే పైది ఐదు మీటర్ల పొడవు, రెండుమ్ముప్పావు మీటర్ల ఎత్తు. లోపలివాటిలో దక్షిణపు గుడిసె రూపమూ ఉంది, ఉత్తరపు గుడిసె రూపమూ ఉంది. రాజు ఒకేసారి దేశమంతటి గుళ్ళలోనూ పడుకున్నాడు. పైదాని తలుపులకి ముద్ర లేదు. దాన్ని తీసి చూస్తే లోపలి మందసం తలుపుల మీద తాడూ, తాడు మీద మట్టి ముద్రా చెక్కుచెదరకుండా ఉన్నాయి. బిగించిన వడ్రంగులు మాత్రం హడావుడిలో ఉన్నట్టున్నారు. పలకల మీద ఏది ఎటు అని గుర్తులు రాసి ఉన్నా పడమరకి ఉండాల్సిన తలుపుల్ని తూర్పుకి పెట్టేశారు, సుత్తి దెబ్బలకి బంగారు రేకు సొట్టలు పడింది.

నేను చెప్పే వస్తువు మాత్రం వీటిలో లేదు. అది పక్క గదిలో దొరికిన బుల్లి మందసం. ఎత్తు అర మీటరు. దక్షిణపు గుడిసె ఆకారం, వెనక్కి వాలిన అదే కప్పు. ఒళ్ళంతా బంగారు రేకు, దాని మీద రాజూ రాణీ కలిసి ఉన్న దృశ్యాలు. కింద వెండి తొడిగిన బండి, చక్రాలు లేనిది, ఇసుకలో లాగే రకం. తలుపులకి నల్లచేవ కర్రతో చేసిన గొళ్ళేలు, అవి జారడానికి వెండి కొక్కేలు. తలుపు తెరిస్తే లోపల చిన్న పీఠం, దాని మీద రెండు పాదాల గుర్తులు. విగ్రహం లేదు. పాతకాలంలోనే దొంగలు ఎత్తుకుపోయారు.

మన పూజ గదిలోని దేవుడి గూట్లో పట్టేంత ఆ మందసంలో ఈజిప్టు గుడికి ఉండాల్సినవన్నీ ఉన్నాయి. కప్పు, చూరు, తలుపు, గొళ్ళెం, పీఠం, మోసుకెళ్ళడానికి బండి. కర్నాక్‌లో ఆమున్ దేవుడి పెద్ద గుడిలోని 134 స్తంభాల మండపం చూసి రాయలేకపోయినదాన్ని నేను దీని ఫొటో ముందు కూర్చుని రాస్తున్నాను. కర్నాక్ అంతా ఇలాంటి ఒక పెట్టె కోసమే కట్టారు మరి.

ఇప్పుడు గొళ్ళెం గురించి. గుళ్ళలో ప్రతి పొద్దునా జరిగే పూజా విధానం మనకి చాలా వివరంగా తెలుసు. బెర్లిన్ మ్యూజియంలో 3055 నంబరు పపైరస్, అంటే పపైరస్ మొక్కతో చేసిన కాగితపు చుట్ట, ఒకటి ఉంది, కర్నాక్‌లో ఆమున్ దేవుడికి చేసే నిత్యపూజలో చదవాల్సిన 66 మంత్రాలు అందులో ఉన్నాయి. అబైడోస్‌లో మొదటి సేతి కట్టించిన గుడిలో ఏడు గర్భగుళ్ళు వరసగా ఉంటాయి, వాటి గోడల మీద ఇవే ఘట్టాలు రంగుల్లో చెక్కి ఉన్నాయి. ఎడ్ఫు గర్భగుడి గోడల మీద కూడా నాలుగో టాలమీ గొళ్ళెం లాగడం, తలుపు తెరవడం, దేవుణ్ణి చూడడం వరసగా కనిపిస్తాయి.

పూజారి ముందు దీపం ముట్టిస్తాడు, ధూపం వేస్తాడు. మట్టి ముద్ర పగలగొడతాడు. తాడు విప్పుతాడు. గొళ్ళెం లాగుతాడు. గొళ్ళెం లాగేటప్పుడు, హోరస్ కంట్లోంచి అతని శత్రువైన సేత్ దేవుడి వేలు తీస్తున్నానని చెబుతాడు. తలుపులు తెరుచుకుంటే ఆకాశం తలుపులు తెరుచుకున్నట్టు. నేల మీద సాష్టాంగపడతాడు, స్తోత్రం చదువుతాడు. ధర్మానికి రూపమైన మాత్ దేవత చిన్న ప్రతిమని అర్పిస్తాడు. పాత బట్టలు తీసి కొత్త నారబట్టలు కడతాడు, నూనె రాస్తాడు. ఆహారం పెడతాడు, అది తర్వాత పూజారులకి వాటాగా వెళుతుంది. చివరికి మళ్ళీ తలుపు మూసి, గొళ్ళెం వేసి, ముద్ర వేసి, తన అడుగుల జాడలు చీపురుతో తుడుచుకుంటూ వెనక్కి నడుస్తాడు. మర్నాడు పొద్దున మళ్ళీ మొదటి నుంచీ.

దీన్ని బుర్రలో పెట్టుకుని గుడి కట్టడం చూడండి. ముఖద్వారం నుంచి లోపలికి వెళ్ళేకొద్దీ నేల కొంచెం కొంచెంగా లేస్తుంది, కప్పు కొంచెం కొంచెంగా దిగుతుంది. ముంగిట్లో ఎండ, మండపంలో పై కిటికీల నుంచి చారలు చారలుగా వెలుతురు, ఆ తర్వాత కప్పులో చిన్న కంతల గుండా పడే సన్నటి వెలుగు, చివరికి చీకటి. సృష్టి మొదట్లో నీళ్ళలోంచి లేచిన మొదటి మట్టిదిబ్బ గర్భగుడి అని వాళ్ళ నమ్మకం, అందుకే నేల లేస్తుంది. స్తంభాలు ఆ నీళ్ళ ఒడ్డున మొలిచిన పపైరస్ మొక్కలు. ఇదంతా పుస్తకాల్లో ఉండేదే. కానీ మనం దీన్ని సినిమా సెట్టింగులా, చూసేవాళ్ళని ముగ్ధుల్ని చేసే ఏర్పాటులా మాట్లాడతాం. చూసేవాళ్ళు ఎక్కడున్నారు? మామూలు జనం పండగ రోజుల్లో మహా అయితే మొదటి ముంగిలి దాకా వచ్చేవారు. ఆ చీకట్లో నడిచేది చేతిలో దీపం ఉన్న పూజారి, ఆయన వెంట మరికొద్దిమంది. ఆ మెట్టూ మెట్టూ, ఆ ద్వారం తర్వాత ద్వారం, అన్నీ ఒక చిన్న తలుపుని భద్రంగా తెరిచి భద్రంగా మూయడానికి ఉన్నాయి.

మనవాళ్ళు ఈజిప్టు గుడి చూడగానే "అచ్చం మన గర్భగుడే" అంటారు. ప్రాకారం, మండపం, చీకటి గది, విగ్రహానికి స్నానం, నైవేద్యం, ఊరేగింపు, నిజమే, పోలికలు బోలెడు. నేనూ గర్భగుడి అనే మాటే వాడుతున్నాను. కానీ మన గుడిలో అన్నీ ఒక క్షణం కోసం: తెర తీస్తారు, హారతి వెలుగులో మనం దేవుణ్ణి చూస్తాం, దేవుడు మనల్ని చూస్తాడు. క్యూలైన్లన్నీ ఆ క్షణం కోసమే. ఈజిప్టు గుడిలో భక్తుడికి ఆ క్షణం లేదు. ఈ తేడా మర్చిపోతే అక్కడి కట్టడాన్ని పూర్తిగా తప్పుగా చదువుతాం.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం వస్తుంది, రావాలి కూడా. దేవుణ్ణి పెట్టెలో పెట్టి తాళం వేసుకోవడమంటే పూజారుల పెత్తనం కాదా అని. పెత్తనం లేదని నేను అనను. మూడో రామ్సెస్ కాలపు ఆస్తుల చిట్టా, 41 మీటర్ల పొడవున్న హారిస్ పపైరస్, కర్నాక్ ఉన్న థీబ్స్ నగరపు గుళ్ళ కింద 86 వేల మందికి పైగా మనుషులు ఉన్నారని చెబుతుంది. అంత సంపద చుట్టూ చేరిన చోట దేవుడి తలుపు తాళంచెవి చిన్న విషయం కాదు. కానీ మూసిన తలుపు పుట్టింది సంపద కోసం కాదు. గడ్డి గుడిసెల కాలంలో ఇంత ఆస్తి లేదు. తలుపు మాత్రం ఉంది.

పైగా జనం ఊరుకోలేదు, అదే నాకు ఈ కథలో అన్నిటికంటే ఇష్టమైన భాగం. ముందు నుంచి వెళ్ళనివ్వకపోతే వెనక నుంచి వెళ్ళారు. గర్భగుడి ఎప్పుడూ గుడి వెనక గోడకి దగ్గరగా ఉంటుంది. బయటి నుంచి ఆ గోడ దగ్గర నిలబడితే దేవుడు రాతి గోడకి అవతల ఉన్నట్టే. కర్నాక్‌లో తూర్పు వైపు, ఆమున్ గర్భగుడి వీపుకి, మూడో థట్మోస్ ఒక చిన్న గుడి కట్టించాడు. తర్వాత రెండో రామ్సెస్ దానికి తూర్పున ఇంకోటి కట్టించాడు, అక్కడి దేవుడి పేరే "మొర వినే ఆమున్". కోమ్ ఓంబో గుడి వెనక గోడకి బయటి వైపు ఒక గూడు, దాని పక్కన రాతిలో చెక్కిన చెవులు. చెవుల్లో మాట చెప్పుకుని వెళ్ళేవారు. డెండెరా వెనక గోడ మీద, సరిగ్గా గర్భగుడి వెనక, హాథోర్ పెద్ద ముఖం ఉంది. ఒకప్పుడు దానికి బంగారు పూత. ఇప్పుడు అరిగిపోయి ఉంది, తరతరాల భక్తులు గీకి ఆ రాతి పొడి తీసుకెళ్ళారు. చెవుల బొమ్మలు చెక్కిన చిన్న రాతి పలకలు కూడా చాలాచోట్ల దొరికాయి, కొన్నిటి మీద పలకంతా చెవులే.

ఇవన్నీ అధికారుల కళ్ళుగప్పి చేసిన పనులు కావు. రాజులే కట్టించారు, శిల్పులే చెక్కారు. అంటే కట్టడానికి రెండు ముఖాలున్నాయని వాళ్ళకీ తెలుసు. ముందు వైపు మూసిన తలుపు, వెనక వైపు విన్న చెవి. రెండింటి మధ్యా ఆ పెట్టె.

పెట్టె కదిలేది కూడా. పండగలకి దేవుడు ఊరేగేవాడు, పడవ మీద. భుజాల మీద మోసే పడవ, దాని నడుమ బుల్లి గది, ఆ గదికి తెర. ఓపెట్ పండగకి ఆమున్ కర్నాక్ నుంచి దాదాపు మూడు కిలోమీటర్ల దూరంలోని లక్సర్ గుడికి వెళ్ళేవాడు. మూడో థట్మోస్ కాలంలో ఆ పండగ 11 రోజులు. దారి పొడవునా జనం. తెర మాత్రం తీసేవారు కాదు. అయినా పడవ ముందుకి వంగితే అవునని, వెనక్కి జరిగితే కాదని అర్థం చేసుకుని తమ తగవులు దేవుడి ముందు పెట్టుకునేవారు. రాజుల సమాధులు తొలిచే పనివాళ్ళ ఊరు దెయ్‌ర్ ఎల్-మెదీనాలో, దేవుడైపోయిన మొదటి అమెన్‌హోటెప్ విగ్రహం ఇళ్ళ తగాదాలు కూడా ఇలాగే తీర్చింది.

మందసం నిజంగా అంత ముఖ్యమా అని ఇంకా అనుమానం ఉన్నవాళ్ళకి అఖెనాటెన్ కథ చెబుతాను. క్రీ.పూ. 1350 ప్రాంతంలో ఆయన పాత దేవుళ్ళని పక్కనపెట్టి, సూర్యబింబం ఆటెన్ ఒక్కడే దేవుడన్నాడు. అమర్నాలో కొత్త రాజధాని కట్టాడు. ఆటెన్‌కి విగ్రహం లేదు, కాబట్టి పెట్టె లేదు. గుళ్ళకి కప్పు లేదు. విశాలమైన ఆవరణలో ఎండలో వందల కొద్దీ నైవేద్యపు దిమ్మెలు. కాగితం మీద చూస్తే ఎంత బాగుంది! చీకటి లేదు, తాళం లేదు, తెర లేదు, దేవుడు అందరికీ నెత్తిమీదే కనిపిస్తున్నాడు.

ఏమైంది? విగ్రహం లేకపోతే ఊరేగింపు లేదు. ఊరేగింపు లేకపోతే పడవ దగ్గర అడిగే ప్రశ్న లేదు, పండగ లేదు. దేవుడి పడవ తిరిగే వీధిలో ఇప్పుడు రాజు రథం తిరిగింది. సంపన్నుల ఇళ్ళలో రాజకుటుంబం బొమ్మలున్న పలకలు పెట్టుకున్నారు. పనివాళ్ళ ఇళ్ళలో మాత్రం బెస్, టవెరెట్ లాంటి పాత దేవుళ్ళ బొమ్మలు దొరికాయి. అందరికీ తెరిచిన గుడిలో నిజానికి దేవుడికీ జనానికీ మధ్య రాజు ఒక్కడే మిగిలాడు. మూసిన పెట్టె జనానికి ఇచ్చినంత కూడా తెరిచిన ఆకాశం ఇవ్వలేకపోయిందని నేను నమ్ముతాను.

ఆయన పోయాక గద్దెనెక్కిన కుర్రవాడు టుటాంఖామున్. ఆయన కర్నాక్‌లో ఒక శాసనం వేయించాడు. దక్షిణాన ఎలిఫంటీన్ నుంచి ఉత్తరాన డెల్టా చిత్తడుల దాకా గుళ్ళు పాడుపడ్డాయి, గర్భగుళ్ళు దిబ్బలై కలుపు మొలిచాయి, దేవుణ్ణి పిలిస్తే పలకడం లేదు అని అందులో ఉంది. కొత్త విగ్రహాలు చేయించాననీ, దేవుళ్ళ పడవల్ని దేవదారుతో కట్టించాననీ చెప్పుకున్నాడు. కొత్త రాజు తన గొప్ప చెప్పుకోవడానికి పాత రోజుల్ని నల్లగా చూపించడం మామూలే, అది లెక్కలోకి తీసుకోవాలి. ఐనా దేశం బాగుపడడమంటే ముందుగా ఆయనకి గుర్తొచ్చింది మందసాలు.

చివరి శతాబ్దాల్లో ఈ పెట్టెలు విపరీతంగా పెరిగాయి. క్రీ.పూ. ఆరో శతాబ్దంలో అమాసిస్ రాజు దక్షిణాన ఎలిఫంటీన్ నుంచి ఉత్తరాన డెల్టాలోని సాయిస్‌కి ఒకే రాతిలో తొలిచిన గది తెప్పించాడని, 2,000 మంది మూడేళ్ళు కష్టపడ్డారని, దాని కొలతలు 21 మూరలు, 14 మూరలు, 8 మూరలని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. తీరా గుడిలోకి చేర్చలేక ద్వారం పక్కనే వదిలేశారట. అదే అమాసిస్ మెండెస్‌లో నాలుగు పెద్ద మందసాలు నిలబెట్టించాడు. వాటిలో ఒకటి ఇప్పటికీ నిలబడి ఉంది, ఏడు మీటర్ల పైనే ఎత్తు. చుట్టూ ఉన్న గుడి ఆనవాలు లేకుండా పోయింది.

అంత గట్టి రాయి, అంత బరువు ఎందుకు? నా ఊహ చెబుతాను. అంతకుముందే అస్సిరియన్లు థీబ్స్‌ని దోచుకున్నారు. తర్వాత పర్షియన్లు. బంగారు రేకు పోతుంది, చెక్క కాలుతుంది. ఎత్తుకుపోలేనంత బరువైన రాతిలో దేవుడి ఇంటిని దాచుకోవాలనుకున్నారు. నెక్టానెబో అన్న పేరున్న ఇద్దరు రాజులూ ఇలాంటి మందసాలు దేశం నలుమూలలా పెట్టించారు. ఎడ్ఫులో మిగిలింది వాటిలో ఒకటే.

వాటిలోనే ఇంకొకటి సఫ్త్ ఎల్-హెన్నాకి చెందినది, మొదటి నెక్టానెబో చేయించింది. నల్లరాయి. దాని గోడల మీద సంవత్సరాన్ని పదేసి రోజుల భాగాలుగా విడగొట్టి, ఏ భాగాన్ని ఏ నక్షత్రం ఏలుతుందో చెక్కారు. ఎప్పుడో తీరానికి చేరి ముక్కలై, అలెగ్జాండ్రియా దగ్గర అబూ కీర్ అఖాతంలో మునిగిపోయింది. పైకప్పు ముందే దొరికి 1817లో పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియానికి చేరింది. అడుగు భాగమూ వెనక గోడా 1933లో దొరికాయి. 1999లో సముద్రం అడుగున పురావస్తువులు వెతికే ఫ్రాంక్ గోడియో బృందం సముద్రం అడుగు నుంచి మరికొన్ని ముక్కలు తీసింది. గోడలు ఈజిప్టులో ఉన్నాయి, కప్పు ఫ్రాన్స్‌లో ఉంది.

మ్యూజియాల మధ్య వస్తువులు ఎవరివన్న పెద్ద చర్చలో నేను అన్ని వాదాలకీ జవాబు చెప్పగలిగినవాణ్ణి కాను. ఏదో ఒక కొండ మీది విగ్రహమో, గోడ మీంచి ఊడదీసిన బొమ్మో అయితే రెండు వైపులా మాట్లాడొచ్చు. మందసం సంగతి వేరు. మూసి ఉండడానికే అది పుట్టింది. కప్పు తీసేసిన మందసం మందసమే కాదు. లూవ్ర్ ఆ ఒక్క రాయిని అలెగ్జాండ్రియాకి పంపించాలి. అప్పుగానో, శాశ్వతంగానో, కాగితాల మీద ఏమని రాసుకుంటారో వాళ్ళిష్టం. ఆ కప్పుని ఆ గోడల మీద పెట్టాలి, ముందు భాగానికి రెండు చెక్క తలుపులు చేయించి బిగించాలి, రోజులో కొంతసేపైనా వాటిని మూసి ఉంచాలి.